బొమ్మల కథలకు కృష్ణానగర్ ఏది?

సినిమా పిచ్చి పట్టినవాడికి మన దగ్గర ఒక చిరునామా ఉంది. ఒకప్పుడు మద్రాసు పాండీ బజారు, ఇప్పుడు హైదరాబాదు కృష్ణానగర్. ఊళ్ళో బస్సెక్కి, అక్కడ దిగి, ఇరుకు గదిలో నలుగురితో సర్దుకుని, పొద్దున్నే టీ కొట్టు దగ్గర నిలబడితే వేషం దొరికినా దొరక్కపోయినా సాటి పిచ్చివాళ్ళు మాత్రం తప్పకుండా దొరుకుతారు. కామిక్స్ పిచ్చి పట్టినవాడికి ఆ భాగ్యం కూడా లేదు. టికెట్ ఏ ఊరికి తీసుకోవాలో తెలియక బస్టాండులోంచే ఇంటికి తిరిగొచ్చే రకం వాడు.

పుస్తకాల పండగల్లో నాకు ఇలాంటి పిల్లలు తగులుతూంటారు. ఎప్పుడో వారపత్రికలకు కార్టూన్లు గీసినవాణ్ణని ఎవరో చెప్పి నా దగ్గరికి పంపిస్తారు. ట్యాబ్ తెరిచి బొమ్మలు చూపిస్తారు. నిజంగా బాగా గీస్తారు. ఇండియన్ ఇంకు సీసా ముందు పెట్టుకుని, క్రోక్విల్ నిబ్బు విరిగినప్పుడల్లా కొత్తది కొనుక్కుంటూ, వేళ్ళ మీద నల్లమచ్చలతో మేం ఏళ్ళ తరబడి సాధించిన గీత వీళ్ళకు ఇంటర్ పూర్తయ్యేసరికే వచ్చేసింది. అంతా చూపించాక అసలు ప్రశ్న అడుగుతారు.

"సార్, కామిక్స్ ఇండస్ట్రీలోకి ఎలా వెళ్ళాలి?"

"ఏదైనా ఒక కథ పూర్తిచేశావా నాయనా?"

"ఏడు భాగాల సిరీస్ సార్. మొత్తం మైండులో ఉంది."

ఆ ట్యాబ్‌లో కథానాయకుడి కత్తికి ముందువైపు, వెనకవైపు, పక్కవైపు బొమ్మలుంటాయి. కత్తి మూడు తరాల చరిత్ర ఉంటుంది. దాన్ని ఒరలోంచి లాగే పేజీ మాత్రం ఇంకా గీయలేదు. నవ్వొస్తుంది గానీ నవ్వను. పూర్తిచేసిన పేజీలు పట్టుకెళ్ళి ఎవరికి చూపించాలో తెలిసి ఉంటే ఆ అబ్బాయి ఈపాటికి పూర్తిచేసే ఉండేవాడేమో!

కామిక్స్ పరిశ్రమకు ఎక్కడో ఒక గేటుందని, దాన్ని తెరిచే కిటుకు మాలాంటి పాతవాళ్ళ దగ్గర ఉందని వీళ్ళ నమ్మకం. ఆ పరిశ్రమ నిక్షేపంలా ఉన్న దేశాల్లో కూడా, లోపలికి వెళ్ళినవాళ్ళ చరిత్రలు తిరగేస్తే ఇద్దరు ఒకే దారిన వెళ్ళిన దాఖలా కనిపించదు.

అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఒక ఉక్కు కార్మికుడి కొడుకు జిమ్ షూటర్. ఇంట్లో డబ్బుకు కటకట. డీసీ వాళ్ళ కామిక్స్ చప్పగా ఉంటున్నాయనీ, మార్వెల్ వాళ్ళవి చదివిస్తున్నాయనీ ఆ కుర్రాడు పసిగట్టాడు. మార్వెల్ పుస్తకాలు ముందేసుకుని, అవి ఎందుకు బాగున్నాయో పట్టుదలగా చదువుకున్నాడు. తర్వాత డీసీ పాత్రలతోనే కథలు రాసి, ఏ గడిలో ఎవరు ఎక్కడ నిలబడాలో బొమ్మలతో సహా గీసి టపాలో పంపాడు. సంపాదకుడు మార్ట్ వైజింగర్ కొనేశాడు. రచయిత వయసు పద్నాలుగేళ్ళని ఆయనకు తర్వాత తెలిసింది. 1966లో ఆ కథలు అచ్చయ్యాయి. 1978 వచ్చేసరికి ఆ కుర్రాడే మార్వెల్‌కు ప్రధాన సంపాదకుడు. ఈ కథ విని మనవాడెవడైనా డీసీకి స్క్రిప్టు పంపితే దాన్ని తెరిచి కూడా చూడరు. అడగకుండా వచ్చిన కథ చదివితే, రేపు మా కథ కాజేశారని కోర్టుకెక్కుతారేమోనని పెద్ద కంపెనీల భయం.

క్లీవ్‌లాండ్‌లో హార్వే పీకార్ అని ఒకాయన. మాజీ సైనికుల ఆసుపత్రిలో ఫైళ్ళు సర్దే గుమాస్తా. బొమ్మ గీయడం బొత్తిగా రాదు. పుల్లల్లాంటి మనుషులను గీసి, వాళ్ళ నెత్తిన మాటలు రాసి, తనలాగే పాత జాజ్ రికార్డులు పోగేసే చిత్రకారుడు రాబర్ట్ క్రంబ్‌కు చూపించాడు. క్రంబ్ వాటికి బొమ్మలు గీశాడు. 1976లో పీకార్ సొంత డబ్బుతో 'అమెరికన్ స్ప్లెండర్' అచ్చేశాడు. అందులో ఎగిరే వీరులు లేరు. దుకాణం దగ్గర వరసలో నిలబడటం, ఆఫీసు కబుర్లు, ఒంటరి సాయంత్రాలు, అంతే. పేరొచ్చాక కూడా ఆయన గుమాస్తా ఉద్యోగం వదల్లేదు. రిటైరయ్యేదాకా చేశాడు.

న్యూ హాంప్‌షైర్‌లోని డోవర్ అనే చిన్న ఊళ్ళో కెవిన్ ఈస్ట్‌మన్, పీటర్ లెయిర్డ్ అని ఇద్దరు నవ్వుకోవడానికి నిలబడ్డ తాబేలుకు ముసుగేసి, చేతికి ఆయుధమిచ్చారు. ఇంట్లో ఉన్న డబ్బుకు ఒక బంధువు దగ్గర తెచ్చిన అప్పు కలిపి 1984లో 3,000 కాపీలు వేశారు. లోపలి బొమ్మలకు రంగులు కూడా లేవు. ఆ నింజా తాబేళ్ళు తర్వాత ప్రపంచంలో ఏయే పిల్లల పుస్తకాల సంచుల మీదికి ఎక్కాయో మీకు తెలుసు.

ఒకరిది టపా దారి, ఒకరిది స్నేహం దారి, ఇంకో ఇద్దరిది అప్పు దారి. కానీ ఒక సంగతి మాత్రం అందరికీ సమానం. ఎవరూ మైండులో ఉన్న కథతో వెళ్ళలేదు. అందరి చేతిలోనూ చూపించడానికి కాగితాలున్నాయి. పీకార్ పుల్లల మనుషులు కూడా కాగితం మీదకు వచ్చాకే ఆయన స్నేహితుడి కంటపడ్డారు.

ఇదొక్కటే అయితే నా సమాధానం సులువు. "ముందు పూర్తిచెయ్యి" అని పంపించేస్తే సరిపోయేది. పూర్తిచేసిన తర్వాత ఏం జరగాలన్నది నాకు అంతకంటే ముఖ్యంగా కనిపిస్తుంది. దానికి జపాన్ వెళ్ళాలి.

అకిరా తొరియామా ఒక ప్రకటనల కంపెనీలో ఉద్యోగం మానేసి, డబ్బు కోసం ఒక పత్రిక పోటీకి కామిక్ పంపాడు. బహుమతి రాలేదు. అయితే ఆ పత్రికా సంస్థలో కజుహికో తొరిషిమా అనే యువ సంపాదకుడు ఆ బొమ్మల్లో ఏదో చూశాడు. ఇంకోటి గీసి పంపమన్నాడు. పంపితే బాగా లేదన్నాడు. మళ్ళీ పంపితే మళ్ళీ తిప్పికొట్టాడు. అచ్చుకు నోచుకోని పేజీలు సుమారు 500 అని తర్వాత చెప్పుకున్నారు. 1978లో మొదటి కథ అచ్చయింది. 1980లో 'డాక్టర్ స్లంప్' వచ్చింది, 1984లో 'డ్రాగన్ బాల్'. తొరియామా తన కసి ఊరికే పోనివ్వలేదు. 'డాక్టర్ స్లంప్'లో మషిరితో అనే దుష్ట శాస్త్రవేత్తను పెట్టాడు. సంపాదకుడి పేరును జపాన్ లిపిలో వెనకనుంచి చదివితే వచ్చే పేరది. ముఖం కూడా ఆయనదే. దాన్ని అచ్చేసినవాడూ ఆ సంపాదకుడే!

నా దృష్టిలో పరిశ్రమ అంటే ఆ 500 పేజీలు. అద్దాల మేడలూ కాదు, యంత్రాలూ కాదు. ఒక కొత్తవాడు పంపినదాన్ని జీతం తీసుకుని మరీ చదివి, ఎందుకు బాగా లేదో చెప్పి, ఇంకోటి పంపమని అడిగే మనిషి ఒకడు ఉండటం. అలాంటివాళ్ళు ఎక్కడుంటే అక్కడ కామిక్స్ ఉన్నాయి.

మనకు అసలే లేరా అంటే, ఉండేవాళ్ళు. చందమామ 1947లో మద్రాసులో మొదలైంది. నాగిరెడ్డి, చక్రపాణి చిత్రకారులను ఆఫీసులో కూర్చోబెట్టి జీతాలిచ్చి గీయించారు. చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్య బొమ్మలు చూస్తూ కొన్ని తరాలు పెరిగాయి. 1950ల మొదట్లో చేరిన శంకర్ అక్కడ విక్రమార్కుడి భుజం మీదికి బేతాళుణ్ణి ఎక్కిస్తూనే జీవితం గడిపాడు. బొమ్మలతో కథ చెప్పే పనికి నెలజీతం ఉండేదన్నమాట! కృష్ణశాస్త్రిగారి అబ్బాయి బుజ్జాయి బడి మొహం చూడకుండానే బొమ్మల్లో పడి, తెలుగు పిల్లలకు డుంబును ఇచ్చాడు. పంచతంత్రాన్ని గడుల్లోకి మార్చి 'ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియా'లో దేశమంతటికీ చూపించాడు.

మిగతావాళ్ళకు పోస్టు డబ్బా ఉండేది. కార్టూన్ గీయడం, వెనక పేరు రాయడం, స్టాంపులంటించిన తిరుగు కవరు జతచేయడం, డబ్బాలో వేయడం. సిఫారసు అక్కర్లేదు, బస్సు చార్జీలక్కర్లేదు. విశాఖపట్నంలో రాగతి పండరిని తలుచుకోండి. చిన్నప్పుడే పోలియో వచ్చిన ఆడపిల్ల. ఇంట్లో కూర్చుని గీసిన బొమ్మలు టపాలో బయల్దేరి తెలుగు పత్రికలన్నిటిలోకీ నడిచి వెళ్ళాయి. తెలుగులో తొలి మహిళా కార్టూనిస్టుగా పేరు తెచ్చుకుంది. కృష్ణానగర్‌లో నిలబడాల్సి వస్తే ఆమె సంగతి ఏమయ్యేదో!

నాక్కూడా ఆ తిరుగు కవర్ల రుచి తెలుసు. నా చేతిరాతతోనే నా ఇంటికి వచ్చే ఉత్తరం కనుక, విప్పకుండానే విషయం అర్థమయ్యేది. ఒక్కసారి మాత్రం తిరిగొచ్చిన కార్టూన్ వెనక పెన్సిలుతో ఒక వాక్యం ఉంది. జోకు మాటల్లోనే ఉందనీ, బొమ్మ తీసేసినా జోకు మిగులుతుందంటే బొమ్మ ఎందుకనీ. ఆ సంపాదకుణ్ణి నేనెన్నడూ చూడలేదు. కానీ ఆ వాక్యం తర్వాత, మాట మోయగలిగిన బరువును బొమ్మ మీద, బొమ్మ మోయగలిగిన బరువును మాట మీద పెట్టడం మానేశాను. కామిక్స్ విద్య మొత్తం అందులోనే ఉందని ఇప్పటికీ నా అభిప్రాయం.

ఆ తర్వాత వారపత్రికలు ఒక్కొక్కటే మూతబడ్డాయి. 2010ల మొదట్లో చందమామ అచ్చు ఆగింది. బొమ్మల కథలకు ఉన్న కాసింత చోటూ పోయింది. అందరూ చోటు పోయిందనే బాధపడతారు. చోటుకేం, ఇన్‌స్టాగ్రామ్‌లో కావలసినంత ఉంది! పోయింది ఆ పెన్సిలు వాక్యం. ఇవాళ బొమ్మ పెట్టిన గంటలో వంద ఎర్ర హృదయాలు వస్తాయి. ఆ వందమందిలో ఒక్కడు కూడా మూడో గడిలో ఎవరు మాట్లాడుతున్నారో తెలియడం లేదని చెప్పడు. నచ్చనివాడు వేలితో పైకి తోసేసి వెళ్ళిపోతాడు. మా కాలంలో కుర్రాళ్ళకు "వద్దు" అనే సమాధానమైనా వచ్చేది. వీళ్ళకు అదీ రావడం లేదు.

అలాగని చేతులు ముడుచుకుని కూర్చోమనడం లేదు. ముందు మన పని మనకు తెలియాలి. ఆ పని తెలుగులో గీసేవాడికి ఇంకొంచెం కష్టం. ఇంగ్లీషు కామిక్స్‌లో సాధారణంగా అన్నీ పెద్దబడి అక్షరాలే. ఎత్తు ఒకటే కనుక వరసలు దగ్గర దగ్గరగా పేర్చవచ్చు. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు. వరసల మధ్య ఖాళీ వదలకపోతే పైవరస ఒత్తు కిందివరస గుడిలో ఇరుక్కుంటుంది. పైగా "వెళ్ళిపోదామనుకుంటున్నానండీ" అని గోదావరి పాత్ర ఒక్క మాట అంటే చాలు, మాటల బుడగ నిండిపోతుంది. కాబట్టి ఇంగ్లీషు పేజీ కొలతలు తెచ్చి మన మాటలు పోస్తే బొమ్మ కనపడదు. ముందు మాటలు రాసుకుని, బుడగ ఎంత చోటు తింటుందో చూసుకుని, మిగిలినచోట మనిషిని నిలబెట్టాలి. ఫొటోషాప్‌లో భారతీయ భాషల అమరిక ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి. ఆ విడిపోయిన ఒత్తులతోనే అచ్చుకెళ్ళిన పేజీలు నేను చూశాను. ఫాంట్లకు ఇప్పుడు కరువు లేదు. మండలి, ధూర్జటి, రామభద్ర, సురవరం లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. బాపు చేతిరాత ఫాంటుగా మారి పెళ్ళిపత్రికల దాకా వెళ్ళింది. ఓపికుంటే చేత్తోనే రాయండి. అక్షరం కూడా బొమ్మేనని బాపు జీవితమంతా చూపించాడు.

అచ్చు సంగతి వచ్చింది కనుక డబ్బు సంగతీ చెప్పాలి. మన దేశంలో బొమ్మల కథ గీసి బతకడం ఎప్పుడూ కత్తిమీద సామే. 1960లో ఢిల్లీ 'మిలాప్' పత్రికలో 'డాబు' మొదలుపెట్టిన ప్రాణ్, తర్వాత చాచా చౌదరిని సృష్టించి కోట్ల పిల్లలకు చుట్టమయ్యాడు. ఆయన మొదలుపెట్టేనాటికి పత్రికల నిండా విదేశీ స్ట్రిప్పులే. అక్కడి సిండికేట్ ఒకే స్ట్రిప్పును వందల పత్రికలకు అమ్ముకుంటుంది కనుక మన పత్రికకు కారుచౌకగా ఇవ్వగలదు. ఒక్క పత్రిక ఇచ్చే డబ్బుతో ఇల్లు గడవాల్సిన మన చిత్రకారుడు ఆ ధరకు ఎలా గీస్తాడు? ఈ లెక్క ఇప్పటికీ మారలేదు. కామిక్ కాన్ 2011లో ఢిల్లీలో మొదలై, 2013 నుంచి హైదరాబాదుకూ వస్తోంది. అక్కడ బ్యాట్‌మన్ టీషర్టుల దగ్గరున్న గుంపు మన పిల్లలు సొంతంగా వేసుకున్న పుస్తకాల బల్ల దగ్గర కనపడదు. ఆ బల్లల మీద తెలుగు బుడగ కనిపించడం మరీ అరుదు.

అయినా పక్కనే శివకాశి ఉంది. క్యాలెండర్లు, టపాకాయల ఊళ్ళోంచి 1972లో ముత్తు కామిక్స్, 1984లో లయన్ కామిక్స్ వచ్చాయి. ఎక్కువగా విదేశీ కథలకు తమిళ అనువాదాలే. ముందుగా చందా కట్టే పాఠకుల అండతో ఇప్పటికీ నడుస్తున్నాయి. పాఠకులు లక్షల్లో ఉండనక్కర్లేదు, డబ్బు కట్టి ఎదురుచూసేవాళ్ళు కొన్ని వేలమంది ఉంటే బండి నడుస్తుందని దాన్నిబట్టి తెలుస్తోంది.

డబ్బు రావడం మొదలైతే ఇంకో ప్రమాదం. క్లీవ్‌లాండ్‌కే చెందిన జెర్రీ సీగెల్, జో షూస్టర్ ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి 1938లో ఒక కథ అమ్మారు. 13 పేజీలు, పేజీకి 10 డాలర్లు, మొత్తం 130. ఆ డబ్బుతో పాటు సూపర్‌మాన్ మీద హక్కులు కూడా కంపెనీకి పోయాయి. దశాబ్దాల పోరాటం తర్వాత 1975లో గానీ వాళ్ళ పేరు తిరిగి పుస్తకం మీద వేయడానికి కంపెనీ ఒప్పుకోలేదు, ఏడాదికి చెరి 20,000 డాలర్ల భృతి దక్కలేదు. 2012లో ఆ పాత చెక్కును వేలం వేస్తే 1,60,000 డాలర్లు పలికింది. సృష్టికర్తలకు ఇచ్చిన సొమ్ము కంటే ఆ సొమ్ము రాసిన కాగితానికి ఎక్కువ ధర!

మన 1957 కాపీరైట్ చట్టం ఈ విషయంలో కొంత నయం. హక్కుల బదిలీ కాగితం మీద, సంతకంతో ఉండాలంటుంది 19వ సెక్షన్. ఎంతకాలానికో రాయకపోతే అయిదేళ్ళకే. ఎంతమేరకో రాయకపోతే భారతదేశం వరకే. కానీ "సర్వహక్కులూ శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని అచ్చేసిన కాగితం మీద మొదటి అవకాశం వచ్చిన సంబరంలో మీరే సంతకం పెడితే చట్టం చేయగలిగేది తక్కువ. పేజీ అమ్మండి, పాత్రను అమ్మకండి. అమ్మక తప్పదనుకుంటే ధర తెలిసి అమ్మండి.

ఇక కుర్రాళ్ళు అడిగే ప్రశ్నకు నా సమాధానం. ఏడు భాగాల ఇతిహాసాన్ని అటక మీద పెట్టండి. ఎనిమిది పేజీల కథ ఒకటి మొదలుపెట్టి చివరి గడి దాకా గీయండి. మీలాంటివాడు ఇంకొకడు మరో ఎనిమిది గీస్తే పదహారు, అంటే ఒక ఫారం. మధ్యలో పిన్ను కొడితే పుస్తకం. జపాన్‌లో ఇవాళ లక్షలమంది కిక్కిరిసే కామికెట్ సంత 1975 డిసెంబరులో మొదలైనప్పుడు 32 బృందాలు, సుమారు 700 మంది జనం. క్లాంప్ లాంటి పేరున్న బృందం అలా సొంతంగా అచ్చేసుకున్నవాళ్ళలోంచే వచ్చింది. బొమ్మ రాకపోతే పీకార్‌లా పుల్లల మనుషులతో రాయండి. బొమ్మ మాత్రమే వస్తే రాసేవాణ్ణి వెతుక్కోండి. నలుగురు చేరి ఒకరి పేజీ ఒకరు నిర్దాక్షిణ్యంగా చదవండి. మెచ్చుకునేవాడు ఇంట్లోనే ఉంటాడు. మూడో గడి అర్థం కాలేదని చెప్పేవాణ్ణి మాత్రం బయట వెతుక్కోవాల్సిందే. దొరికితే వదలకండి. కోపమొస్తే వాణ్ణి మీ కథలో విలన్‌గా పెట్టుకోండి, జపాన్‌లో చెల్లింది.

పత్రికలవాళ్ళకు కూడా ఒక మనవి. 1980లో మొదలైన పిల్లల పత్రిక 'టింకిల్'లో సుప్పండి పాత్ర తిరుచిరాపల్లి పాఠకుడొకరు పంపిన కథల్లోంచి పుట్టింది. సంపాదకుడు అనంత్ పై బృందం ఆ ఉత్తరాన్ని చెత్తబుట్టలో వేయకుండా చదివింది కనుక పుట్టింది. మీ ఆదివారం అనుబంధంలో ఒక్క పేజీ తెలుగు బొమ్మల కథకు ఇవ్వండి. ఎంతో కొంత పారితోషికం ఇవ్వండి. బాగా లేనిదాన్ని తిప్పి పంపేటప్పుడు ఎందుకు బాగా లేదో ఒక వాక్యం రాయండి. కొత్తవాళ్ళను తయారుచేసుకోవడానికి అయ్యే ఖర్చు ఇంతే. ఇందుకు ఒక్క తెలుగు పత్రిక ముందుకొచ్చినా చాలు. గీసే పిల్లలు సిద్ధంగానే ఉన్నారు.